సెలవుల్లో ఉన్నత స్థాయి ఆంగ్ల విద్యార్థులకు చదవడం, రాయడం: ఎలాంటి హోంవర్క్ ఇవ్వాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను సీ1 స్థాయికి (యూరప్ భాషాప్రమాణంలోని ఆరు మెట్లలో ఐదోది) చేరువలో ఉన్న పెద్దవయసు విద్యార్థులకు ఆంగ్లం బోధిస్తున్నాను. మా తరగతికి త్వరలో నెలరోజుల సెలవులు వస్తున్నాయి. ప్రతిసారీ ఒక నవల చదివి సమీక్ష రాయమనడం, దానితోపాటు కొన్ని వ్యాసాంశాలు ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. నవల చివరిదాకా చదివేవారు కొద్దిమందే ఉంటారు. సమీక్షలేమో ఎక్కడో దొరికిన కథాసారాంశానికి నకలులాగానో, చాట్‌బాట్ రాసిపెట్టినట్టుగానో వస్తున్నాయి. చదివినదానికీ రాసేదానికీ నిజమైన సంబంధం ఉండేలా, దిద్దే భారం నామీద మరీ ఎక్కువ పడకుండా ఏమి ఇవ్వవచ్చో అనుభవజ్ఞులు చెప్పగలరా? తెలియని ప్రతి పదానికీ నిఘంటువు చూడమనాలా, వద్దా అన్నది కూడా నాకు తేలడం లేదు.

జవాబు 1:
ముందు పుస్తకం ఎంపిక సంగతి చూడండి. అందరికీ ఒకే నవల ఇవ్వడంలోనే సగం చిక్కు ఉంది. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవాలంటే పుటలోని పదాల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసి ఉండాలని పాల్ నేషన్ వంటి పదసంపద పరిశోధకులు చెబుతారు. మామూలు నవలలకు ఆ స్థాయి అందాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాలు (ఒక మూలపదం, దాని నుంచి వచ్చిన రూపాలు కలిపి ఒక కుటుంబం) తెలిసి ఉండాలన్నది ఆయన 2006లో వేసిన అంచనా. సీ1 విద్యార్థుల్లో చాలామంది అంతవరకు చేరి ఉండరు కాబట్టి, వారు పుస్తకం మధ్యలో వదిలేస్తే దాన్ని సోమరితనమనలేము. పుస్తకాన్ని వారినే ఎంచుకోనివ్వండి. నడిమధ్యన ఒక పుట తెరిచి చదివి, సుమారు మూడు వందల పదాల్లో తెలియనివి ఆరేడుకు మించితే ఆ పుస్తకాన్ని తరువాతి కాలానికి దాచుకోమనండి. నచ్చకపోతే మధ్యలో మానేసే స్వేచ్ఛ కూడా ముందే ఇవ్వండి.

నవలే కావాలన్న నియమమూ అక్కర్లేదు. ఒకే విషయం మీద, లేదా ఒకే రచయితవి వరుసగా ఐదారు వ్యాసాలు చదివితే అవే పదాలు, అవే పదబంధాలు మళ్లీమళ్లీ ఎదురై, మొదటి వ్యాసానికి పట్టిన శ్రమ నాలుగోదానికి పట్టదు. నిఘంటువు విషయంలో నేను చెప్పేది ఇది: తెలియకపోతే వాక్యమే బోధపడని పదానికి వెంటనే చూడాలి, మిగిలినవాటికి కింద గీత గీసి ముందుకు సాగాలి. గీత గీసిన పదం మళ్లీ కనిపిస్తే అప్పుడు చూడవచ్చు.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూ, రాతపని గురించి చెబుతాను. సమీక్షకు బదులు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో వివరించిన సాధనను ఇచ్చి చూడండి. ఆయన కుర్రతనంలో స్పెక్టేటర్ పత్రిక వ్యాసాల సంపుటి ఒకటి సంపాదించి, ఒక్కొక్క వాక్యంలోని భావాన్ని తలపించే చిన్న మాటను గుర్తుగా రాసుకొని, కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆ గుర్తులను బట్టి వ్యాసాన్ని తన మాటల్లో మళ్లీ రాసి, మూలంతో పోల్చి దిద్దుకునేవాడు. కొన్నిసార్లు ఆ గుర్తులను కావాలనే కలగాపులగం చేసి, కొన్ని వారాల తరువాత సరైన క్రమంలో పేర్చేవాడు. ఆలోచనలను వరుసలో పెట్టడం అలవాటు కావడానికి అలా చేశానని ఆయనే రాశాడు. మూడు వందల పదాల వ్యాసభాగం దీనికి చాలు. దిద్దే పనిలో ఎక్కువభాగం మూలమే చేసిపెడుతుంది కనుక మీ భారమూ తగ్గుతుంది.

ఈ పోలికలో విద్యార్థులు ఏమి చూడాలో మాత్రం మీరు చెప్పాలి. వ్యాకరణ దోషాలు ఈ స్థాయిలో తక్కువే ఉంటాయి, అసలు తేడా రచయిత మాటకు విధించుకున్న హద్దుల్లో బయటపడుతుంది. మూలంలో ‘మే కాంట్రిబ్యూట్ టు’ (ఒక కారణం కావచ్చు) అని రచయిత ఆచితూచి అంటే, విద్యార్థి ‘కాజెస్’ (కారణమవుతుంది) అని తేల్చేస్తాడు. ‘ఇన్ మెనీ కేసెస్’ (చాలా సందర్భాల్లో) అన్న మాట అతని సారాంశంలో మాయమైపోతుంది. వాక్యం శుద్ధంగానే ఉంటుంది, కానీ రచయిత అననిది అన్నట్టవుతుంది. రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి ఇలాంటివి మూడు పట్టుకొని, ఒక్కోదాని గురించి రెండు వాక్యాలు రాసి పంపమనండి. యంత్రం చేత రాయించుకున్నవారికి ఈ పనిలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

జవాబు 3:
పరీక్షలకు సిద్ధమవుతున్నవారిని దృష్టిలో ఉంచుకొని ఒక చిన్న అభ్యంతరం. కేంబ్రిడ్జ్ సీ1 అడ్వాన్స్‌డ్ రాతపరీక్షలో 90 నిమిషాల్లో రెండు రచనలు చేయాలి, ఒక్కొక్కటి 220 నుంచి 260 పదాలు ఉండాలి. నెల్లాళ్లు గడియారం చూడకుండా రాసినవారికి ఆ వేగం తప్పుతుంది. కాబట్టి సెలవుల చివరి వారంలో, తాము చదివిన అంశం మీదనే, సమయం పెట్టుకొని చేత్తో ఒక వ్యాసం రాయమనడం మంచిది. అంతకు మించి ఇస్తే సెలవులని పిలవడం దేనికి?

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఫ్రాంక్లిన్ పద్ధతిని వారానికొకసారి, సమయం పెట్టుకొని రాసే వ్యాసాన్ని చివర్లో ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది: సెలవుల తరువాత ఆ చివరి వ్యాసాలన్నీ ఒకేసారి వచ్చి పడితే ఎలా దిద్దాలి?

జవాబు 2 రాసినవారు:
అన్ని తప్పులూ దిద్దకండి. తప్పున్న పంక్తి పక్కన అంచులో ఒక గుర్తు మాత్రమే పెట్టి, తప్పేమిటో చెప్పకుండా తిరిగి ఇచ్చేయండి. ఈ స్థాయివారు చాలావరకు తామే కనిపెట్టి సవరించుకుంటారు. రెండోప్రతిలో కూడా అలాగే మిగిలిపోయినవి మాత్రమే తరగతిలో వివరించండి, మార్కులు కూడా ఆ రెండోప్రతికే వేయండి.