క్రియాటినిన్ 7 దాటింది, మనిషి బానే ఉన్నారు. డయాలసిస్ ఇప్పుడే మొదలెట్టాలా?

తెనాలి అబ్బాయి:
నాన్నకి 61, ఎన్నాళ్ల నుంచో షుగర్. మొన్న రిపోర్ట్‌లో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) 7.1, కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే అంకె ఈజీఎఫ్ఆర్ 8. ఒక డాక్టర్ గారు ఈ వారమే డయాలసిస్ అన్నారు, రెండో ఆయనేమో తింటున్నారు, నడుస్తున్నారు, ఆయాసం లేదు, కొన్నాళ్లు చూద్దాం అన్నారు. ఒకసారి మెషిన్ ఎక్కితే ఇక దిగడం ఉండదని అమ్మ ఏడుపు. రీసెర్చ్ ఏమంటుందో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

వరంగల్ అక్క:
తమ్మీ, అస్సలు ఆగకుండ్రి. మా మేనమామ బాగనే ఉన్న కదా అనుకుంట నెలలు గడిపిండు, ఒకనాడు అర్ధరాత్రి ఊపిరాడక దవాఖానకు ఉరికినం, ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరినయ్ అన్నరు, మెడకు పైపు పెట్టి అప్పటికప్పుడు డయాలసిస్ చేసిండ్రు, ఆ పైపుకే ఇన్ఫెక్షన్ అయి మళ్ల అడ్మిట్ చేసినం.

డయాలసిస్ యూనిట్:
అక్కా, మెడ పైపు ఇన్ఫెక్షన్లు నేను పనిచేసే చోట కూడా చూస్తుంటా, మీ భయం న్యాయమే. మామయ్య గారికి ముందే చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపే ఆపరేషన్, చేసుంటే ఆ పైపు అవసరం పడేది కాదేమో. ఇక ఎప్పుడు మొదలెట్టాలన్నదాని మీదే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఐడియల్ అని ఒక ట్రయల్ చేశారు, 2010లో ఫలితాలొచ్చాయి. 828 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి కిడ్నీ పని (ఈజీఎఫ్ఆర్ లాంటి లెక్కే) 10-14 ఉండగానే, రెండో గుంపుకి 5-7కి పడ్డాక డయాలసిస్ అనుకున్నారు. మూడున్నరేళ్లు చూస్తే ముందు మొదలెట్టిన వాళ్లలో 37.6 శాతం, ఆగినవాళ్లలో 36.6 శాతం చనిపోయారు. తొందరపడినందుకు ఆయుష్షేం పెరగలేదు, సూదులూ తిరుగుడూ మాత్రం ముందే మొదలయ్యాయి.

విశాఖ మాస్టారు:
ఆ పేపర్ నేనూ చదివానండీ, మీరొక సంగతి వదిలేశారు. ఆగాల్సిన గుంపులో దాదాపు 76 శాతం మంది కిడ్నీ పని 7కి పడేదాకా ఆగనేలేదు, లక్షణాలు వచ్చి ముందే ఎక్కించాల్సొచ్చింది. సగటున ఒక గుంపు 12 దగ్గర, ఇంకో గుంపు 9.8 దగ్గర మొదలెట్టారు, అంతే తేడా. ఈయనకి ఇప్పటికే 8, మరి ఈయన ఆగొచ్చని ఆ ట్రయల్ ఎక్కడ చెప్పింది? పైగా ఇక్కడ బస్సెక్కి వచ్చి ఓపీలో పొద్దంతా కూర్చోవాలి, మనిషి దిగజారుతున్నాడని కనిపెట్టేదెవరు?

డయాలసిస్ యూనిట్:
మంచి పాయింట్ మాస్టారూ. కానీ ఆ 9.8 కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ ఫార్ములా లెక్క, ఈ స్థాయిలో అది మన ల్యాబ్ ఇచ్చే ఈజీఎఫ్ఆర్ కంటే మామూలుగా ఎక్కువే చూపిస్తుంది, 8నీ 9.8నీ పక్కపక్కన పెట్టలేం. అసలు క్రియాటినిన్ వచ్చేదే కండలోంచి, కండ కరిగిపోయిన పెద్దాయనకి అంకె బానే కనబడుతూ లోపల పరిస్థితి ఘోరంగా ఉండొచ్చు. అందుకే కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ గైడ్‌లైన్స్ కూడా ఫలానా అంకె అని గీత గీయలేదు, లక్షణాలు చూసి మొదలెట్టమంటాయి, ఎక్కువమందికి అవి కిడ్నీ పని 5-10 మధ్య ఉన్నప్పుడు బయటపడతాయి. ఆ 76 శాతం మందికీ జరిగింది అదే, లక్షణం రాగానే ఎక్కించారు, అయినా మరణాలు పెరగలేదు. కనిపెట్టుకుని ఉండాలన్న మాట దగ్గర మాత్రం మీతో నూటికి నూరు ఒప్పుకుంటా, నెలకోసారైనా చూపించుకోలేని మనిషిని ఆగమనడం ప్రమాదం.

తెనాలి అబ్బాయి:
మేం తీసుకెళ్లగలం అన్నా. ఇంట్లో ఏం చూస్తుండాలి?

డయాలసిస్ యూనిట్:
ఆకలి చచ్చిపోవడం, పొద్దున్నే వికారం, ఒళ్లంతా దురద, పగలంతా మగత. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా, రక్తంలో పెరిగిన పొటాషియం మందులతో తగ్గకపోయినా ఇక ఆగొద్దు, అర్ధరాత్రైనా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. అమ్మగారికి చెప్పండి, కిడ్నీలు దెబ్బతిన్నది జబ్బు వల్ల, మెషిన్ వల్ల కాదు. మొదలెట్టాక మూత్రం తగ్గుతూ వస్తుంది, అదీ దాచకుండా చెప్పండి. ఆగినా ఆగకపోయినా ఈ వారమే ఫిస్టులా గురించి సర్జన్‌ని కలవండి, అది సూదికి పనికొచ్చేలా తయారవడానికి నెల, రెండు నెలలు పడుతుంది. నాన్నగారు కుడిచేతి వాటమైతే మామూలుగా ఎడంచేతికే వేస్తారు, ఇవాళ్టి నుంచి ఆ చేతికి రక్తం తీయనివ్వొద్దు, సెలైన్ పెట్టనివ్వొద్దు.