ఎర్రమట్టి దిబ్బల్లో, భీమిలి ఇసుకలో డర్ట్ బైకులు: పూర్తిగా ఆపాలా, ఎక్కడైనా చోటు చూపించాలా?

దిబ్బలదారి (చర్చ మొదలుపెట్టినవారు):

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన ఆదివారం తెల్లవారకముందే ఆఫ్‌రోడ్ బైకులు (మట్టి, ఇసుక, గుట్టల్లో నడిపే డర్ట్ బైకులు) గుంపులుగా ఇసుకలోకి దిగుతున్నాయి. వాటిలో కొన్ని అక్కడితో ఆగకుండా ఎర్రమట్టి దిబ్బల్లోకి కూడా పోతున్నాయి. నంబర్ ప్లేటు లేనివి, సైలెన్సర్ మార్చినవి, మీసం రాని పిల్లలు తోలేవి, అన్ని రకాలూ ఉంటున్నాయి. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో దీని మీద పెద్ద గొడవే అయింది. "పిల్లలు తాగుడు జోలికి పోకుండా బండి నడుపుకుంటుంటే మీకేంటి?" అని ఒకాయన, "కనపడ్డ బండినల్లా తగలబెట్టాలి" అని ఇంకొకాయన. ఈ రెండు మాటల మధ్య అసలు విషయం పోతోందని ఇక్కడ పెడుతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. దిబ్బల మీద, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మీద సరదా రైడింగ్ పూర్తిగా ఆగాలి. "ముందు ట్రాక్ కట్టించండి, అప్పుడు మానేస్తాం" అనే బేరానికి నేను ఒప్పుకోను. ట్రాక్ అడగడం న్యాయమే. కానీ అది వేరే అర్జీ.

ఎర్రమట్టి దిబ్బలంటే సినిమా షూటింగుల చోటు అని చాలామంది అనుకుంటారు. అవి వేల ఏళ్ల పాటు పేరుకున్న ఇసుక. రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పూత పట్టడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. మన వైపు ఇలాంటి నేలలు తమిళనాడులో, శ్రీలంకలో తప్ప పెద్దగా లేవు. భారత భూవిజ్ఞాన సర్వే దీన్ని భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అక్కడి మట్టి చేత్తో గీకితే రాలిపోతుంది. టైరు పడి గాడి చేస్తే తర్వాతి వానకు నీళ్లు ఆ గాడినే పట్టుకుని దిగుతాయి, ఏడాది తిరిగేసరికి అదో కోత. దాన్ని తిరిగి పూడ్చే పద్ధతంటూ ఏదీ లేదు.

నాబీటైర్:

నేను రైడర్‌ని. నా దగ్గర ఎక్స్‌పల్స్ అనే ఆఫ్‌రోడ్ బైకు ఉంది. ఆర్సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్ అన్నీ ఉన్నాయి, హెల్మెట్, మోకాలి గార్డులు లేకుండా బండెక్కను. నన్ను, ప్లేటు లేని కుర్రాణ్ణి ఒకే గాటన కట్టడం బాధగా ఉంది.

2024 జులైలో ఇదే దిబ్బల పక్కన యంత్రాలు పెట్టి భూమి చదును చేశారు. పేపర్లలో వచ్చి, జనం గొడవ చేస్తేగాని ఆపలేదు. ఎకరాలకు ఎకరాలు తవ్వేవాళ్ల మీద లేని కోపం రెండు టైర్ల మీద ఎందుకండీ?

ఇక చోటు సంగతి. కేరళలో కన్నూరు దగ్గర ముళప్పిలంగాడ్ బీచ్‌లో టికెట్ తీసుకుని కార్లు, బైకులు ఇసుక మీదే నడుపుకోవచ్చు, దాన్ని టూరిజం అని గర్వంగా చెప్పుకుంటారు. ఇక్కడ మాకు ఏముంది? డర్ట్ రైడింగ్ పద్ధతిగా నేర్చుకోవడానికి నేను కర్ణాటకలో కోలార్ దగ్గర ఉన్న బిగ్ రాక్ అనే శిక్షణ పార్కు దాకా పోయాను. అది పెట్టిన సీఎస్ సంతోష్ 2015లో డకార్ ర్యాలీ అనే కఠినమైన ఎడారి రేసు పూర్తి చేసిన మొదటి భారతీయుడు. 2024లో కేరళ కుర్రాడు హరిత్ నోవా అదే డకార్‌లో ర్యాలీ 2 విభాగం గెలిచాడు. ఈ ఆటలో మన దేశానికి పేరొస్తోంది. మన ఊరి పిల్లలకు మాత్రం పోలీసుల లాఠీ తప్ప దారి లేదు.

దిబ్బలదారి:

తవ్వకం మీద కూడా నేను అర్జీ పెట్టాను బ్రదర్, ఆ గొడవలో మా కాలనీ వాళ్లం చాలామందిమి ఉన్నాం. పెద్ద తప్పు ఒకటి జరిగిందని చిన్న తప్పుకు లైసెన్సు వస్తుందా? తవ్విన చోట ఆపించగలిగామంటే, ఇది కాపాడాల్సిన నేల అని అందరం ఒప్పుకున్నాం కాబట్టే. అదే నేల మీద మనమే బండ్లు తిప్పితే రేపు తవ్వేవాడు వేలెత్తి చూపేది మనల్నే.

వకీలు_విజయనగరం:

చట్టం ఏం చెబుతుందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే "అది రోడ్డు కాదు కదా" అనే మాట ప్రతి గ్రూపులోనూ వింటున్నాను.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ప్రజలకు వెళ్లే హక్కున్న ఏ చోటైనా, అది దారి అయినా కాకపోయినా, బహిరంగ ప్రదేశమే. సెక్షన్ 2(34) చూడండి. కాబట్టి బీచ్‌లో కూడా లైసెన్స్, రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. రిజిస్ట్రేషన్ లేని బండిని, లైసెన్స్ లేనివాడు నడిపే బండిని సెక్షన్ 207 కింద పోలీసులు అక్కడికక్కడే పట్టి ఉంచుకోవచ్చు. సైలెన్సర్ లాంటివి మార్చిన యజమానికి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ.

తల్లిదండ్రులు చదవాల్సింది సెక్షన్ 199ఏ. మైనర్ పిల్లాడు ఈ చట్టం కింద నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. బండి కొనిచ్చేటప్పుడు ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఇసుక తిన్నెలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న విభాగంలోకి వస్తాయి. ఇక్కడికి వచ్చే ఆలివ్ రిడ్లే సముద్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. సరీసృపాల గుడ్లు పాడుచేయడాన్ని కూడా ఆ చట్టం వేట కిందే లెక్కేస్తుంది.

నాబీటైర్ గారూ, మీకు కాగితాలన్నీ ఉన్నాయి, సంతోషం. అవి మిమ్మల్ని రోడ్డు మీద కాపాడతాయి. దిబ్బ ఎక్కడానికి అవి అనుమతి పత్రాలు కావు.

నాబీటైర్:

తాబేళ్ల గుడ్లను అటవీ శాఖ వాళ్లు ఏరి హేచరీల్లో (గుడ్లు పిల్లలయ్యేదాకా కాపాడే చోట్లలో) పెడుతున్నారు కదా. మరి మేం గుడ్లు తొక్కేదెక్కడ? ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లు బోట్ల వలల్లో ఊపిరాడక పోయినవే ఎక్కువ. అది కూడా మా ఖాతాలోనే వేస్తారా?

తాబేటిజాడ:

నేను తాబేళ్ల సీజన్‌లో స్వచ్ఛందంగా ఒడ్డు వెంట నడిచే టీంలో ఉంటాను. ఈ ప్రశ్న అడిగినందుకు థాంక్స్, ఎందుకంటే అసలు నష్టం ఎక్కడ జరుగుతోందో బయటివాళ్లకు కనపడదు.

తల్లి తాబేలు రాత్రి వచ్చి అడుగు, అడుగున్నర లోతు గొయ్యి తీసి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది. పైకి ఏమీ కనపడదు. మాకు దొరికే ఆధారం ఒక్కటే, ఇసుక మీద తాబేలు పాకిన జాడ. తెల్లవారకముందే నడుస్తూ ఆ జాడ పట్టుకుని గూడు వెతుకుతాం. కుక్కలు, నక్కలు తవ్వకముందే గుడ్లు తీసి హేచరీకి చేరుస్తాం. మేం వెళ్లేలోపు పది బైకులు అటూ ఇటూ తిరిగితే ఆ జాడ చెరిగిపోతుంది. గూడు మాకు దొరకదు. టైరు గుడ్డు మీద పడక్కర్లేదు అన్నా, జాడ మీద పడితే చాలు.

మాకు దొరకని గూళ్లలో పిల్లలు 45 నుంచి 60 రోజుల్లో బయటికొస్తాయి, అదీ ఎక్కువగా రాత్రిపూట. మన అరచేతిలో పట్టేంత పిల్లలు. లోతైన టైరు గాడిలో పడితే ఎక్కలేక గాడి వెంటే పోతాయి, సముద్రం వైపు కాదు. తెల్లారితే కాకులు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఒడ్డున ఇదే కథ.

వలల సంగతి మీరన్నది నిజం. ఎక్కువ చావులు అక్కడే. దాని మీద పోరాటం వేరేగా నడుస్తోంది.

మరపడవ:

మాది సముద్రం మీద బతికే ఊరు. తాబేళ్ల పాపం మాదేనని ఎవరో ఒకరు అంటారని తెలుసు, అందుకే ముందుగా ఒకటి చెబుతాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మాకు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు చెప్పింది, ఆపేశాం. అప్పులు చేసి బతుకుతున్నాం ఆ రెండు నెలలూ. పొట్టకూటి పనే మేం ఆపుకుంటున్నాం. సరదా పని మీరు ఆపుకోలేరా తమ్ముడూ?

ఇంకోటి. ఒడ్డున వలలు ఆరేస్తాం, బాగు చేసుకుంటాం. వేసవిలో ముసలోళ్లు, పిల్లలు ఇసుకలోనే పడుకుంటారు. చీకట్లో లైటు లేకుండా బండి వస్తే ఎవరి కాలు పోతుందో తెలీదు. వల మీద నుంచి ఒక్కసారి చక్రం పోతే చిరుగు బాగు చేసుకోవడానికి రోజులు పడతాయి, ఆ రోజుల కూలి ఎవరిస్తారు?

కానీ నిషేధం అని బోర్డు పెట్టి అన్ని బండ్లూ ఆపితే ముందు దెబ్బ తినేది మేమే. పడవ దిగిన చేపని టీవీఎస్ ఎక్సెల్ మీద వేసుకుని మా ఆడోళ్లు మార్కెట్‌కి తీసుకెళ్తారు. ఐస్ బాక్సు, డీజిల్ క్యాన్ అన్నీ దాని మీదే. రేపు పోలీసు బాబు మా ఎక్సెల్‌ని పట్టుకుని, మూడు లక్షల బండివాణ్ణి సార్ అని పంపేస్తాడు. ఆ భయం మాకుంది.

డేటోనాతెలుగు:

ఫ్లోరిడాలో ఉంటాను. ఇక్కడ డేటోనా బీచ్‌లో బండ్లు ఇసుక మీద నడపడం చట్టబద్ధమే, నూరేళ్ల పైబడిన అలవాటు. 1995లో తాబేళ్ల తరఫున వోలూషియా కౌంటీ (డేటోనా ఉన్న జిల్లా లాంటిది) మీద కేసు పడింది. ఆ తర్వాత నియమాలు బిగించారు. గంటకు 10 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు దాటకూడదు. పగలే తిరగాలి. తిన్నెల వైపు కర్రలు పాతి తాబేళ్ల పట్టీ గుర్తించారు, అందులోకి చక్రం పోకూడదు. పిల్లలు బయటికొచ్చే వేళకు గూడు ముందున్న టైరు గాడులను చదును చేయిస్తారు. ముళప్పిలంగాడ్ అన్నా, డేటోనా అన్నా నెమ్మదిగా కారు నడుపుకునే చోట్లు. డర్ట్ బైకు ఎగిరించే చోట్లు కావు. నాబీటైర్ కోరుకునేది అది కాదనుకుంటాను.

నాబీటైర్:

కాదు, నిజమే. 16 కిలోమీటర్ల వేగంతో బీచ్‌లో తిరగడం నాకు అక్కర్లేదు. నాకు కావాల్సింది ఎత్తుపల్లాలు, బురద, రాళ్లు. తాబేటిజాడ గారు చెప్పిన జాడ సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మా గ్రూపులో పెడతాను.

అయినా అడుగుతున్నా, ఆపేది ఎలా? ఇసుకలో పోలీసు జీపు మమ్మల్ని తరిమితే ఎవడో ఒకడు చస్తాడు.

బర్మింగ్‌హామ్ నుంచి:

ఇంగ్లండ్‌లో పార్కులు, కాలువ గట్లు, ఊరి బయటి పచ్చిక బయళ్లలో ఇదే తలనొప్పి. 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం సెక్షన్ 34 ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు వదిలి ఇలాంటి నేలల్లోకి మోటారు బండి తీసుకెళ్లడమే నేరం. 2002 పోలీసు సంస్కరణల చట్టం సెక్షన్ 59 కింద జనాన్ని ఇబ్బంది పెట్టే బండిని స్వాధీనం చేసుకోవచ్చు, 2025 నాటికి మామూలుగా ముందు ఒక హెచ్చరిక ఇవ్వాల్సి ఉండేది. ఆ హెచ్చరిక నియమం వల్ల పని జరగడం లేదని, దాన్ని తీసేయాలని 2025లో ప్రభుత్వం బిల్లు తెచ్చింది.

తరమడం గురించి మీరు చెప్పిన భయం ఇక్కడి పోలీసులకూ ఉంది. అందుకే చాలా చోట్ల డ్రోన్‌తో పైనుంచి చూస్తూ, బండి ఎక్కడికి చేరుతుందో అక్కడ పట్టుకుంటారు. పట్టుకున్న వాటిలో చాలా బండ్లను తుక్కు చేస్తారు. మన దగ్గర ఇంకా సులువు. భీమిలి రోడ్డు నుంచి ఇసుకలోకి బండి దిగే సందులు లెక్కపెట్టినన్నే. తెల్లవారుజామున ఆ సందుల దగ్గర, పక్కనున్న పెట్రోల్ బంకు దగ్గర నిలబడితే చాలు.

ఇంగ్లండ్‌లో సొంత పొలంలో, లేదా యజమాని ఒప్పుకున్న నేలలో నడుపుకుంటే ఎవరూ ఏమీ అనరు. రైతులు అద్దెకిచ్చే మోటోక్రాస్ (మట్టి బైకు రేసు) ట్రాకులున్నాయి. పెద్ద శబ్దం, దుమ్ము వస్తుందని పక్క ఊళ్లవాళ్లు వాటి మీదా గొడవపడతారు, ఆ గొడవ మాత్రం తప్పదు.

దిబ్బలదారి:

మరపడవ గారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. "అన్ని మోటారు బండ్లూ నిషేధం" అని అర్జీలో రాస్తే అది తప్పు. ఇలా రాద్దామనుకుంటున్నాను: పడవలు ఆగే చోటికి వెళ్లే దారి ఊరివాళ్ల బండ్లకు ఎప్పటిలాగే తెరిచి ఉండాలి. మిగతా సందుల్లో బండరాళ్లో, ఇనుప స్తంభాలో వేయాలి. దిబ్బల వైపు మాత్రం ఏ మినహాయింపూ లేదు, జీపులకూ, షూటింగు వ్యాన్లకూ కూడా.

మరపడవ:

స్తంభాలు పెడితే వల మోసే వాళ్లు పోవడానికి సందు చాలదు. పెద్ద వలని పదిమంది కలిసి భుజాల మీద వరసగా మోస్తారు. గొలుసు వేసి తాళం పెట్టండి, ఒక తాళంచెవి మా ఊరి పెద్దల దగ్గర ఉండాలి. ఇంకో మాట, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా చీకటి ఉండగా మా ఎక్సెల్ కూడా పడవ రేవు దాటి ఇసుకలో తిరగకుండా చూస్తాం. అది మా ఊళ్లో మేం మాట్లాడుకుంటాం, పోలీసులు అక్కర్లేదు.

తాబేటిజాడ:

ఆ ఒక్కటి జరిగితే చాలా గూళ్లు దక్కుతాయండి. సీజన్ మొదట్లో మీ ఊరు వచ్చి కలుస్తాం.

నాబీటైర్:

దిబ్బల్లోకి ఇక పోను. మా గ్రూపులో కొందరు ఒప్పుకోరు, వాళ్ల తరఫున నేను మాటివ్వలేను. కానీ దిబ్బలు దాటాక జీడితోటల మధ్య పాత బండి బాట ఉంది, దాన్నైనా వదలమని అడుగుతున్నా. రెండో అర్జీ ఎవరు రాస్తారు? వాడకంలో లేని క్వారీ నేల ఏదైనా చూపిస్తే, టికెట్, అంబులెన్స్, వయసు నిబంధన అన్నీ పెట్టి మేమే నడుపుకుంటాం.

దిబ్బలదారి:

జీడితోటల బాట మీద నేను ఒప్పుకోను. అక్కడి నుంచి దిబ్బల్లోకి పది నిమిషాలు, అడ్డు గోడ లేదు. మీరు ఆగుతారు, మీ వెనక వచ్చేవాడు ఆగడు. క్వారీ మాట బాగుంది, వాడని క్వారీలేవో జాబితా అడుగుదాం. ఆ అర్జీ మీరే రాయండి, ఏం కావాలో మీకే తెలుసు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. రెండు అర్జీలూ వేర్వేరుగానే ఇద్దాం. మీదాని మీద మొదటి సంతకం నేను పెడతాను.

నాబీటైర్:

వస్తాను. బాట సంగతి మాత్రం అక్కడ ఆఫీసర్ ముందు మళ్లీ అడుగుతాను.