విహారం: తిరగడమా, ఉండడమా?

విహారయాత్ర అంటే సరదాగా తిరిగి రావడం. బౌద్ధ విహారం అంటే భిక్షువులు ఉండే కట్టడం. అన్నీ వదులుకున్నవాళ్ల నివాసానికి ఈ షికారు పేరేమిటి? రెండూ ఒకే మాటేనా?

— ఒకే మాటే. ధాతువు 'హృ', అంటే తీసుకుపోవడం. ముందు 'వి' చేరింది. ఉపసర్గ చేరితే ధాతువు అర్థం బలవంతాన ఇంకోచోటికి పోతుందని చెప్పే పాత శ్లోకం ఒకటుంది:

ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే
ప్రహారాహారసంహారవిహారపరిహారవత్

కొట్టడం, తినడం, చంపడం, తిరగడం, తప్పించడం: అన్నీ ఆ ఒక్క 'హృ' పిల్లలే!

— శ్లోకం బాగుంది కానీ తిరగడం దగ్గరే ఆగిపోయింది. అడిగింది కట్టడం గురించి కదా. దానికి బౌద్ధ గ్రంథాల భాష పాళీ చూడాలి. చాలా సుత్తాలు, అంటే బుద్ధుడి ఉపదేశాలు, "ఏకం సమయం భగవా సావత్థియం విహరతి జేతవనే" అని మొదలవుతాయి. బుద్ధుడు జేతవనంలో షికారు చేస్తున్నాడని కాదు, అక్కడ ఉంటున్నాడని. పాళీలో 'విహరతి' అంటే ఉండడం, కాలం గడపడం. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలను బ్రహ్మవిహారాలు అన్నదీ అందుకే, అవి మనసు నిలిచి ఉండాల్సిన స్థితులు. అలా భిక్షువు ఉండే చోటు విహారమైంది.

మొదట్లో అది పెద్ద కట్టడమే కానక్కర్లేదు. భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం వాళ్లకు ఒప్పుకున్న నివాసాలు అయిదు: విహారం, అడ్ఢయోగం, పాసాదం, హమ్మియం, గుహ. పాసాదం, హమ్మియం అంటే మన ప్రాసాదం, హర్మ్యాలే. పేర్లు వింటే సన్యాసుల బతుకు బాగానే ఉన్నట్టుంది! తర్వాత నడిమి ముంగిలి చుట్టూ వరసగా గదులు కట్టిన మఠాన్నంతా విహారం అన్నారు. అజంతా 30 గుహల్లో ఎక్కువ భాగం ఇవే. స్తూపం పెట్టి పూజించే గుహలు చైత్యాలు, వాటిని విహారాలతో కలపకండి. బీహార్ పేరు కూడా ఈ మాట నుంచి వచ్చిందే.

— అయితే తిరగడం అన్న అర్థాన్ని సన్యాసులంతా వదిలేశారని అనుకోకండి. జైన మునులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కాలినడకన వెళ్లడాన్ని ఇప్పటికీ విహారమనే అంటారు. వానాకాలం నాలుగు నెలలు ఒకేచోట ఉంటారు, అది చాతుర్మాసం. అది ముగిశాక మళ్లీ 'విహారం' మొదలు. బౌద్ధులకు ఉండే చోటు, జైనులకు కదిలి వెళ్లడం.

— ఇది తెలియదు. పాళీ అర్థం ఒక్కటే చూసి, షికారు అర్థం గృహస్థులదే అనుకున్నాను.