కొండ పైదాకా కారు రోడ్డు వేయాలా, నడక దారే ఉంచాలా?

చంపావతి ఒడ్డు (విజయనగరం):

మొన్న డిసెంబరులో హైదరాబాదు నుంచి మా మేనమామ వాళ్ళు వస్తే సీతంపేట కొండల వైపు ఒక వ్యూ పాయింటుకు తీసుకెళ్ళాను. ఆరేళ్ళ కిందట అదే చోటుకు గంటన్నర నడిచి వెళ్ళాను. అప్పుడు దారిలో గెడ్డ (కొండవాగు) దాటాలి. చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దాటాం. అవతలి ఒడ్డున అనాస తోటలో ఒక పెద్దావిడ పండు కోసి ఉప్పూకారం చల్లి ఇచ్చింది. మలుపు తిరిగిన ప్రతిసారీ కింద ఊళ్ళు చిన్నవవుతూ వచ్చాయి. పైకి చేరేసరికి ఆ లోయ ఎక్కడ మొదలైందో, గెడ్డ ఏ చెట్ల మధ్య నుంచి పారుతోందో మాకు తెలుసు.

ఈసారి కారులో పావుగంట పట్టింది. పైన ఎటు చూసినా బండ్లు, హారన్లు, స్పీకర్లో పాటలు. మామయ్య రెండు ఫోటోలు తీసుకుని "ఇంకేటుందిరా ఇక్కడ?" అన్నాడు. నాకు కోపం రాలేదు, బాధేసింది. చూడాల్సిందంతా దారిలో ఉండేది. ఆ దారి ఇప్పుడు లేదు.

శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో పిల్లలతో, పెద్దవాళ్ళతో ఒక్క పూటలో నడిచి రాగలిగే చోట్లు కొన్నే ఉన్నాయి. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళిపోయిన పాలకొండ, సాలూరు వైపు కొండల్ని కూడా కలిపే అంటున్నాను. వాటికీ పైదాకా తారు వేసి, పైన పార్కింగు కట్టేస్తే ఇక నడిచేదెక్కడ? చివరి రెండు కిలోమీటర్లు కాళ్ళకే వదిలేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

సాలూరు ఆడపడుచు:

అన్నా, మీరు చెప్పేది మోకాళ్ళు బాగున్నవాళ్ళ మాట.

మా అమ్మకు 68 ఏళ్ళు. సాలూరు దగ్గర కొండ కింద ఊళ్ళో పుట్టింది. పెళ్ళయ్యాక నలభై ఏళ్ళు రాజమండ్రిలోనే ఉంది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పోయిన చలికాలంలో రోడ్డు ఉంది కాబట్టే ఆమెను కొండెక్కించగలిగాను. పైన కుర్చీ వేసి కూర్చోబెడితే గంటసేపు లేవలేదు. ఒక్కో కొండనూ ఊరివాళ్ళు పిలిచే పేరుతో నాకు చూపించింది. "అదిగో, ఆ సందులోంచే మీ తాత ఒడిశాలోని సుంకి వైపు కావడి మోసుకుని వెళ్ళేవాడు" అంది. తాతయ్య కావడి మోశాడని నాకు అప్పటిదాకా తెలియదు.

నడిచినవాళ్ళకే కొండ అంటే మా అమ్మకు ఆ గంట దక్కేది కాదు. మీ మామయ్య రెండు నిమిషాల్లో తిరిగి వచ్చేశారంటే అది రోడ్డు తప్పు కాదు. అక్కడే మా అమ్మ గంట కూర్చుంది.

నెల్లిమర్ల మాస్టారు:

మీరిద్దరూ చెప్పిందాంట్లో నాకు ఒకటి తప్పుగా కనబడుతోంది. నడక అనగానే కష్టమని ఒకరు, అందమని ఒకరు అంటున్నారు. ముప్పై ఏళ్ళు బడిపిల్లల్ని కొండలెక్కించినవాణ్ణి. కిలోమీటర్లు లెక్కపెట్టి ఏ నడకా తేలికో కష్టమో చెప్పలేం.

రామతీర్థమే తీసుకోండి. విజయనగరానికి 12 కిలోమీటర్లు. బోడికొండ మీద కోదండరాముడి గుడికి మెట్లున్నాయి. నా వయసువాళ్ళు ఆ మెట్లు ఎక్కడానికి కాదు, దిగడానికి భయపడతారు. మెట్టు దిగేటప్పుడు ఒంటి బరువు ఒక్క మోకాలి మీద పడుతుంది. మెట్టు ఎత్తును మన అడుగుకు తగ్గట్టు మార్చుకోలేం. అదే ఏటవాలు దారి అయితే చిన్న అడుగు వేసుకోవచ్చు, అడ్డంగా నడవవచ్చు, కావలసిన చోట ఆగవచ్చు. పెద్దవాళ్ళ కోసం అని చెప్పి ఎక్కడ చూసినా నిట్టనిలువుగా సిమెంటు మెట్లు కట్టేస్తున్నారు. పెద్దవాళ్ళను ఎవరూ అడగలేదు. మెలికలు తిరుగుతూ మెల్లగా పైకి పోయే దారి, అక్కడక్కడా కూర్చోడానికి రాతి అరుగు, పట్టుకోవడానికి ఒక కమ్మీ ఉంటే సాలూరు అమ్మాయి వాళ్ళ అమ్మగారు కూడా కొంత దూరం రాగలరేమో.

మట్టి గురించీ చెప్పాలి. మన కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైట్ రాయి. ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు పెట్టారు. ఎండకూ వానకూ చివికి ఎర్రమట్టి అయిపోతుంది. వానాకాలంలో ఆ మట్టి జారుతుంది, నిజమే. అందుకని సిమెంటు పరిస్తే నీళ్ళు ఇంకవు. బాట అంచు వెంట పరుగెత్తి పక్క మట్టిని కోసేస్తాయి. కొన్నాళ్ళకు బాట కింద డొల్లబడుతుంది. పైనుంచి చూసేవాళ్ళకు బాట బాగానే ఉంటుంది, కాలు పెట్టాక తెలుస్తుంది. ముందు నీళ్ళకు దారి తీసి, తర్వాత మనుషులకు దారి వేయాలి.

ఇక ఊరి బయటి నుంచి వచ్చేవాళ్ళకు ఎవరూ చెప్పని సంగతి వెలుతురు. మనం హైదరాబాదు కన్నా బాగా తూర్పున ఉన్నాం. డిసెంబరు మొదట్లో శ్రీకాకుళంలో సాయంత్రం 5:20 ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు, హైదరాబాదు కన్నా ఇరవై నిమిషాలు ముందు. కొండకు తూర్పు వాలులో ఉంటే అంతకు చాలా ముందే నీడ పడిపోతుంది. భోంచేసి మూడింటికి బయల్దేరినవాళ్ళకు ఎంత తేలిక నడకైనా దిగేటప్పుడు టెన్షనే.

మొదటిసారి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది శాలిహుండం. శ్రీకాకుళానికి 18 కిలోమీటర్లు, వంశధార దక్షిణపు ఒడ్డున చిన్న కొండ. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చారు. స్తూపాల దగ్గర ఆగుతూ, ఇటుకలు చూసుకుంటూ ఎక్కితే అలసట తెలియదు. పైన నిలబడితే కింద వంశధార కనిపిస్తుంది. అక్కడి నుంచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవడానికి ఇంక కొద్ది దూరమే.

సీతంపేట కుర్రోడు:

నేను సవర గిరిజనుణ్ణి. మాది కొండ మీది ఊరు. మీరు ముగ్గురూ బాగా రాశారు గాని ఆ కొండల మీద ఊళ్ళున్నాయన్న మాట ఎవరూ ఎత్తలేదు. మొదటి పోస్టులో అనాసపండు ఇచ్చిన పెద్దావిడ ఒక్కరే ఉన్నారు.

2017లో మా పిన్నికి నొప్పులొస్తే డోలీ కట్టాం. ఒక వెదురు బొంగు, ఒక దుప్పటి, మార్చుకుంటూ మోయడానికి ఆరుగురం. ఐదు కిలోమీటర్లు వానలో దిగాం. గెడ్డ పొంగి ఉంటే రెండు గంటలు ఒడ్డునే కూర్చున్నాం. పిన్ని బతికింది. బిడ్డ దక్కలేదు. మీకు నచ్చిన ఆ గెడ్డలాంటిదే, చంపావతి అన్నా. అందుకే మట్టి దారి అందం గురించి చదివితే నాకు కడుపులో తిప్పుతుంది. మీకది నడక దారి. మాకది ఆసుపత్రికి పోయే దారి.

అలాగని మీతో పూర్తిగా గొడవ లేదు. మా ఊరి దాకా వేసే రోడ్డు వేరు, మా ఊరు దాటి కొండ కొమ్ముకు వేసే రోడ్డు వేరు. రెండూ కలిపి మాట్లాడితే ఎటూ తేలదు. చట్టం కూడా రెంటినీ ఒకటిగా చూడలేదు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో ఊరి అవసరాలకు అటవీ భూమి ఇవ్వడానికి 13 రకాల పనులు రాశారు. బడి, దవాఖానా, అంగన్‌వాడీ, రేషను షాపు, మంచినీళ్ళ పైపులు, కరెంటు లైను, రోడ్డు, ఇలాంటివి. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు చేయాలి. ఆ 13లో వ్యూ పాయింటు లేదు, పార్కింగూ లేదు.

ఇంకోటి. నడిచేవాళ్ళు వస్తే మా ఊళ్ళో ఆగుతారు. చోడి (రాగి) అంబలి తాగుతారు, పసుపు కొంటారు, కొండచీపుళ్ళు కొంటారు, దారి చూపించిన కుర్రాడికి ఐదు వందలు ఇస్తారు. కార్లు ఆగవు. అద్దం దించి సీసాలు విసిరేసి పోతాయి. మా చెల్లి పోడులో కలుపు తీస్తుంటే కాల్లో గాజు దిగింది, మూడు వారాలు పనికి పోలేదు.

ఉద్దానం జీడితోట:

మహేంద్రగిరి సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఎత్తు 1501 మీటర్లు. ఒడిశాలోని పర్లాకిమిడి వైపు నుంచి బండ్లు దాదాపు పైదాకా పోతాయి. మందస వైపు నుంచి అయితే కాలినడకే. శివరాత్రికి రెండు వైపుల నుంచీ జనం వస్తారు. కుంతి గుడి, భీముడి గుడి, ధర్మరాజు గుడి దర్శనం రెండు రకాలవాళ్ళకూ ఒకటే. నడవలేనివాళ్ళు ఒడిశా వైపు చుట్టు తిరిగి వస్తారు, నడవగలిగినవాళ్ళు మందస నుంచి ఎక్కుతారు. కాబట్టి ఇది ఎక్కడా జరగని పని కాదు.

కాని మందస వైపు ఎక్కడాన్ని తేలిక నడక అని దయచేసి ఎవరూ రాయకండి. సముద్రం పక్క పల్లం నుంచి మొదలుపెట్టి అంత ఎత్తు ఎక్కాలి. ఊరి మనిషి లేకుండా వెళ్ళకూడదు. మా వైపు ఎలుగులున్నాయి. వేసవిలో జీడిపళ్ళకు తోటల్లోకే దిగుతాయి. 2022 జూన్లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు మనిషిని చంపింది, ఇంకా కొందరిని గాయపరిచింది. మేం తెల్లవారుజామున తోటకు ఒంటరిగా పోవడం మానేశాం. సీతంపేట, కురుపాం వైపు అయితే ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు. ఏ రోజు ఎటున్నాయో ఊరివాళ్ళకు తెలుస్తుంది, ఫోనులో మ్యాపుకు తెలియదు.

చంపావతి ఒడ్డు (విజయనగరం):

సీతంపేట తమ్ముడూ, నువ్వు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. నా మొదటి పోస్టులో ఊరి రోడ్డు, కొమ్ము రోడ్డు అన్న తేడా లేదు. ఉండాల్సింది. ఆ గెడ్డ గురించి నేను రాసిన తీరు నీకు ఎలా తగిలిందో ఇప్పుడు తెలిసింది. ఊరి దాకా రోడ్డు పడాలి, గెడ్డ మీద వంతెన పడాలి. దాని మీద నాకు వాదన లేదు.

ఊరు దాటాక మిగిలిన దారి మీద మాత్రం నా మాట మార్చుకోను. అక్కడ కారు వద్దు. ఊళ్ళోనే బండి ఆపాలి, అక్కడి నుంచి నడవాలి. మాస్టారు చెప్పినట్టు దారి మెల్లగా ఎక్కాలి, సిమెంటు మెట్లు వద్దు. దారి చూపే మనిషి కూడా ఆ ఊరివాడే కావాలి.

సాలూరు ఆడపడుచు:

మరి మా అమ్మ సంగతి మళ్ళీ పక్కకు పోయింది. అరుగులు వేసినా, మెలికలు తిప్పినా ఆమె రెండు కిలోమీటర్లు నడవలేదు. కమాండరు జీపు ఒకటి పెట్టండి. కొండ ఊళ్ళలో సంతకు పోయేది వాటి మీదేగా. నడవలేనివాళ్ళు అందులో వస్తారు.

చంపావతి ఒడ్డు (విజయనగరం):

ఒప్పుకుంటాను. కాని జీపు నడవలేనివాళ్ళకే అని గట్టిగా పెట్టాలి. లేకపోతే అందరూ జీపే ఎక్కుతారు.

సాలూరు ఆడపడుచు:

ఎవరు చూస్తారు అన్నా? మా అమ్మ మోకాళ్ళు అరిగాయని గేటు దగ్గర కుర్రాడికి ఎక్స్‌రే చూపించాలా? గుళ్ళో, బస్సులో, ఆఫీసుల్లో ఇప్పటికే అడుగడుగునా చెప్పుకుంటూనే ఉంది. కొండ దగ్గర కూడా చెప్పించకండి. బయటికి ఆరోగ్యంగా కనబడే గుండె జబ్బు మనిషి ఉంటాడు, ఆరు నెలల గర్భిణి ఉంటుంది. అందరినీ నిలబెట్టి అడుగుతారా?

సీతంపేట కుర్రోడు:

అక్క చెప్పింది నిజం. ఎవర్నీ అడగక్కర్లేదు. జీపు ఊరి సంఘానిదై ఉండాలి. గంటకు ఒక్క ట్రిప్పు, ఎక్కేది ఎనిమిది మంది, టిక్కెట్టు అందరికీ ఒకటే. తొందరున్నవాడు గంటసేపు కూర్చోలేక నడుస్తాడు. నడవలేనివాళ్ళు మా అరుగు మీద కూర్చుని అంబలి తాగుతారు, మా ముసలాళ్ళు కబుర్లు చెబుతారు. జీపుకు తారు రోడ్డు అక్కర్లేదు, ఇప్పుడున్న చక్రాల బాటే చాలు. అది వెడల్పు చేయం అని గ్రామసభలో రాసుకోవాలి. ఒకసారి వెడల్పయితే కార్లను ఆపడం మా వల్ల కాదు, పైనుంచి ఫోన్లు వస్తాయి.

ఉద్దానం జీడితోట:

చెట్లు కూడా చూసుకోండి తమ్ముడూ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వైపు నీడే లేకుండా పోయింది. కొబ్బరి, జీడి అన్నీ ఒక్క రాత్రిలో పడ్డాయి. నీడ లేని దారి అరకిలోమీటరైనా ఎండాకాలం ఎవరూ నడవలేరు. బాట వేసేటప్పుడు అడ్డమొచ్చిందని ఒక్క చింత చెట్టు కొట్టినా మళ్ళీ అంత నీడ రావడానికి మన జీవితం సరిపోదు.

నెల్లిమర్ల మాస్టారు:

జీపు మాట నాకు నచ్చింది. గంటకొక ట్రిప్పు అన్నది మరీ నచ్చింది. దిగే చివరి ట్రిప్పు మాత్రం చలికాలంలో సాయంత్రం నాలుగింటికే అని బోర్డు రాయి బాబూ. లేకపోతే చీకట్లో పైన ఎవరో ఒకరు మిగిలిపోతారు.

సాలూరు అమ్మాయీ, వచ్చే ఆదివారం నేను మా మనవళ్ళతో శాలిహుండం వెళ్తున్నాను. పొద్దున్న ఏడింటికి కింద మ్యూజియం దగ్గర ఉంటాం. అమ్మగారిని తీసుకురండి. పైదాకా రాకపోయినా సరే, ఎంత దూరం రాగలరో ఆవిడే చెబుతారు. మడత కుర్చీ నేను మోసుకొస్తాను.

సాలూరు ఆడపడుచు:

అమ్మను అడిగాను మాస్టారూ. వస్తానంది. మొదటి స్తూపం దగ్గర నీడ ఉంటుందా అని అడుగుతోంది.