పడుతుంది, పడబోతోంది, పడేటట్టుంది: రేపటి సంగతి ఇంగ్లీషులో చెప్పించడం ఎలా?

ప్రశ్న (హైస్కూల్ ఇంగ్లీషు టీచర్)

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్తున్నాను. ఉద్యోగంలో చేరి ఇది రెండో ఏడు. క్లాసులో 41 మంది. ముందు ముందు జరగబోయేదాన్ని ఊహించి చెప్పే పాఠం దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. రూల్ అడిగితే గడగడా అప్పజెప్తారు. "రేపు వాన పడుతుంది" అని ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం "టుమారో రెయిన్ కమ్స్" అంటారు. రాతలోనూ అదే.

నిన్న బోర్డు మీద "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్" అని రాశాను. రెండో బెంచీలో ఒక పాప లేచి, "వాన ఎక్కడికి వెళ్తోంది టీచర్?" అని అడిగింది. క్లాసంతా ఘొల్లున నవ్వారు. ఆ పాప కూర్చుండిపోయింది, పీరియడ్ అయ్యేదాకా తలెత్తలేదు. నాకేమో జవాబు తట్టలేదు. "అదంతే, గుర్తుపెట్టుకో" అనేశాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇంటికొచ్చాక కూడా మనసులో మెదులుతూనే ఉంది.

ఆ పాపకి ఏం చెప్పాలి? విల్, గోయింగ్ టు, మే, మైట్, వీటిని ఎలా విడదీసి చూపించాలి? మా దగ్గర ప్రొజెక్టర్ లేదు. బోర్డు, చాక్‌పీసులు, పాత నోటు పుస్తకాల కాగితాలు ఉన్నాయి.

జవాబు (రిటైరైన ఇంగ్లీషు టీచర్)

మేడమ్, ఆ పాప అడిగిన ప్రశ్నలోనే మీ పాఠం ఉంది. "వాన పడబోతోంది" అనే మాటను బోర్డు మీద విడగొట్టి చూపించండి. పడన్, పోతోంది. పోవడం అంటే వెళ్లడమే కదా. అంటే మనం కూడా తరతరాలుగా వానని "పడడానికి పోతోంది" అనే అంటున్నాం. ఎక్కడికి పోతోందని ఎవరమూ అడగం, ఎందుకంటే అది చెవికి అలవాటైపోయింది. ఇంగ్లీషువాళ్లకి "గోయింగ్ టు" కూడా అంతే. రేపు క్లాసుకి వెళ్లగానే ఆ పాప పేరు పిలిచి, "నిన్న నువ్వడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది" అని అక్కణ్నుంచే మొదలుపెట్టండి. నవ్విన పిల్లలు కూడా వింటారు.

ఇక "టుమారో రెయిన్ కమ్స్" సంగతి. అది అశ్రద్ధ కాదు. "మా నాన్న రోజూ ఆరింటికి లేస్తాడు", "మా నాన్న రేపు ఆరింటికి లేస్తాడు". రెండిట్లోనూ "లేస్తాడు" ఒకటే. అలవాటుకీ రేపటికీ మనకి ఒకే క్రియ సరిపోతుంది, తేడా అంతా "రోజూ", "రేపు" అన్న మాటల్లో ఉంటుంది. ఇంగ్లీషులో ఆ తేడా క్రియకి కూడా తగలాలి: "వేక్స్ అప్", "విల్ వేక్ అప్". పిల్లవాడు "టుమారో" పెట్టాడు కాబట్టి పని అయిపోయిందనుకుంటాడు. వాడి భాషలో అయిపోయింది కూడా. అందుకని బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి ఒక పక్క రోజూ, ఒక పక్క రేపు అని రాసి, లేవడం, తినడం, బడికి రావడం, పాలు పితకడం లాంటి పది పనులు రెండు పక్కలా చెప్పించండి. రెండు రోజులు, రోజుకి పది నిమిషాలు. ఇది గట్టిపడకుండా మే, మైట్ దగ్గరికి వెళ్లకండి.

ఆ తర్వాత చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక్కో మాట రాయండి, తెలుగులోనే: పడి తీరుతుంది, పడుతుంది, పడుతుందనుకుంటా, పడొచ్చు, పడుతుందేమో, పడకపోవచ్చు, పడదు. ఏడుగురిని ముందుకి పిలిచి, ఎక్కువ నమ్మకం నుంచి తక్కువ నమ్మకానికి వరసలో నిలబడమనండి. మిగతావాళ్లు సరిచేస్తారు. "పడొచ్చు", "పడుతుందేమో" చీటీల దగ్గర పిల్లలు గట్టిగా పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనివ్వండి. ఊహించి చెప్పడం అంటే ఎంత నమ్మకంతో చెప్తున్నామో కూడా చెప్పడం అని వాళ్లకి తెలిసేది అక్కడే. వరస కుదిరాక ఒక్కొక్కరి చేతికీ ఇంగ్లీషు చీటీ ఇవ్వండి. పడి తీరుతుందికి "ఇట్ విల్ డెఫినెట్లీ రెయిన్", పడుతుందనుకుంటాకి "ఐ థింక్ ఇట్ విల్ రెయిన్", పడొచ్చుకి "ఇట్ మే రెయిన్", పడుతుందేమోకి "ఇట్ మైట్ రెయిన్". మే, మైట్ మధ్య తేడా చాలా సన్నం. దాని మీద మార్కులు కోయకండి.

చీటీల్లో ఒక మాట కావాలనే పెట్టలేదు: "పడేటట్టుంది". దానికోసం పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లండి. మబ్బు పట్టిందా, గాలి ఆగిందా, ఉక్కపోస్తోందా, తూనీగలు కిందకి ఎగురుతున్నాయా? కళ్లెదుట గుర్తు కనిపిస్తుంటే "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్". గుర్తేమీ లేకుండా మన అభిప్రాయం చెప్తుంటే "ఐ థింక్ ఇట్ విల్ రెయిన్". మబ్బు లేని రోజు క్రికెట్ ఉండనే ఉంది. టాస్ వేయకముందు "ఐ థింక్ దే విల్ విన్". ఆఖరి ఓవర్లో 6 బంతులకి 30 పరుగులు కావాలి, తొమ్మిది వికెట్లు పోయాయి, అప్పుడు "దే ఆర్ గోయింగ్ టు లూజ్". మగపిల్లలకి ఈ ఒక్క ఉదాహరణతో తేడా పట్టుబడిపోతుంది. ఆడపిల్లలకి పట్టుబడదని కాదు, నా క్లాసుల్లో ముందు అరిచేది మగపిల్లలు, అంతే.

జవాబు (తెలుగు పండిట్)

పైన సార్ చెప్పిన "పడబోతోంది" మా పాఠంలో కూడా ఉన్నదే. పడన్ చివర ఉన్న "న్" ద్రుతం. ద్రుతం తర్వాత పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కాబట్టి "పో" కాస్తా "బో" అయింది. సరళాదేశ సంధి. మీ స్కూల్లో తెలుగు చెప్పేవారిని ఒక్క పీరియడ్ అడగండి మేడమ్, కాదనరు. చేయబోతున్నాడు, రాబోతోంది, తినబోతున్నారు అని మేము సంధి విడదీస్తే, మీరు పక్కనే ఇంగ్లీషు వాక్యం రాయండి. రెండు సబ్జెక్టులు ఒక బోర్డు మీద కలిస్తే పిల్లలకి ఎంత సంబరమో.

ఇంకొక్క మాట. అలవాటుకీ రేపటికీ సరిపోయే "లేస్తాడు" లాంటి క్రియని మన వ్యాకరణంలో తద్ధర్మం అంటారు. పిల్లలకి ఆ పేరుతో పని లేదు గానీ, టీచర్‌కి తెలిసి ఉంటే వాళ్ల తప్పు చూసినప్పుడు కోపం రాదు.

ప్రతిస్పందన (ప్రైవేటు స్కూల్ టీచర్)

నాకు ఈ పద్ధతి మీద సందేహం ఉంది, ఏమీ అనుకోకండి. ఇంగ్లీషు క్లాసులో ఇంత తెలుగు పెడితే పిల్లలు ప్రతి వాక్యాన్నీ మనసులో అనువాదం చేసుకునే అలవాటు పడతారు. ఆరో తరగతి నుంచి మా పిల్లలు "ఐ థింక్ ఇట్ విల్ నాట్ రెయిన్" అనే అంటున్నారు. "పడదనుకుంటా" నుంచి వచ్చిందే కదా అది? ఎంత దిద్దినా పోవడం లేదు.

జవాబు (రిటైరైన ఇంగ్లీషు టీచర్)

మీ సందేహం న్యాయమైనదే సార్. ఆ వాక్యం తప్పు అని కొట్టేయలేం గానీ, ఇంగ్లీషులో వాడుక "ఐ డోంట్ థింక్ ఇట్ విల్ రెయిన్". "లేదు" అన్న భావాన్ని వాళ్లు ముందుకి లాగి "థింక్" దగ్గర పెడతారు, మనం "పడదు" దగ్గరే పెడతాం. ఇక్కడ తెలుగు దారి తప్పిస్తుంది, నిజమే. అలాంటి చోట తెలుగు అసలు ఎత్తకుండా ఇంగ్లీషు వాక్యాన్నే ముక్కగా పట్టించాలి. "ఐ డోంట్ థింక్..." అని మీరు మొదలుపెట్టి, మిగతాది పిల్లలతో పూర్తి చేయించండి.

కానీ తెలుగు కాపాడే చోట్లు కూడా ఉన్నాయి. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్, ది మ్యాచ్ విల్ స్టాప్" అని రాస్తారు కదా పిల్లలు? "వాన పడితే మ్యాచ్ ఆగిపోతుంది" అని చెప్పించండి. "పడితే"లో నిన్న ఉందా, రేపు ఉందా? ఏమీ లేదు. కాలం అంతా "ఆగిపోతుంది"లోనే ఉంది. అలాగే ఇంగ్లీషులోనూ "విల్" రెండో సగంలోనే: "ఇఫ్ ఇట్ రెయిన్స్, ది మ్యాచ్ విల్ స్టాప్". "నేను పెద్దయ్యాక డాక్టర్ అవుతాను" కూడా ఇంతే. "పెద్దయ్యాక" దగ్గర "విల్" లేదు కాబట్టి "వెన్ ఐ గ్రో అప్, ఐ విల్ బికమ్ ఎ డాక్టర్". విల్ ఎక్కడ పెట్టకూడదో తెలుగే చెప్తుంది. పీరియడ్‌లో పది నిమిషాలు తెలుగుతో అర్థం చేయించి, మిగతా టైమంతా ఇంగ్లీషులో మాట్లాడిస్తే చాలు. పూర్తిగా తెలుగులో నడిపించమని నేనూ అనను.

"విల్ నాట్"ని కుదించిన "వోంట్" అన్న మాట పలికించేటప్పుడు జాగ్రత్త. మన పిల్లల నోట్లో "వోంట్", "వాంట్" ఒకేలా వినిపిస్తాయి. వెళ్లనన్నాడో, వెళ్లాలనుందన్నాడో తెలియదు. "ఓ" అని నోరు గుండ్రంగా తిప్పించండి.

జవాబు (భూగోళం, సైన్స్ చెప్పే టీచర్)

వాతావరణ బులెటిన్ వాడుకోండి మేడమ్, ఖర్చు లేని పాఠం. మన వాతావరణ శాఖ 1875లో మొదలైంది, అప్పటినుంచీ వాళ్ల పని ఇదే కదా, రేపటిని ఊహించి చెప్పడం. బులెటిన్‌లో ప్రతి మాటకీ కొలత ఉంటుంది. "లైక్లీ" అంటే అవకాశం సుమారు 25 నుంచి 50 శాతం, "వెరీ లైక్లీ" అంటే 50 నుంచి 75, "మోస్ట్ లైక్లీ" అంటే అంతకు మించి. పేపర్లో "ఒకటి రెండు చోట్ల" అని ఉంటే ఇంగ్లీషు బులెటిన్‌లో "ఎట్ ఐసొలేటెడ్ ప్లేసెస్" అని ఉంటుంది, అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడొచ్చని. మామూలు ఇంగ్లీషులో "లైక్లీ" అంటే సగానికి పైగా అవకాశం ఉన్నట్టే వాడతారు, ఆ తేడా పిల్లలకి చెప్పండి.

ముందురోజు తెలుగు పేపర్ కత్తిరింపు ఒకటి తెచ్చి "కురిసే అవకాశం ఉంది" కింద గీత గీయించి, "రెయిన్ ఈజ్ లైక్లీ", "ఇట్ ఈజ్ లైక్లీ టు రెయిన్" అని రెండు రకాలుగా చెప్పించండి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. హెచ్చరికలు ముందే వచ్చాయి కాబట్టి లక్షల మందిని ముందుగానే తరలించగలిగారు. విశాఖ, శ్రీకాకుళం వైపు పిల్లలైతే ఆ కథ ఇంట్లో విని ఉంటారు. బులెటిన్‌లో ఒక్క మాట ఎంత బరువు మోస్తుందో వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

జవాబు (మండల స్థాయిలో టీచర్లకు శిక్షణ ఇచ్చే టీచర్)

చీటీలాటల మాట వచ్చింది కాబట్టి, ఒక ఆట వద్దని చెప్పాలి. "ఇరవై ఏళ్ల తర్వాత నీ పక్కనున్నవాళ్లు ఏమవుతారో రాయి" అనే ఆట చాలామంది ఆడిస్తారు. నేనూ ఆడించాను. తొమ్మిదో తరగతిలో ఒకడు పక్క వరసలో పాప గురించి "షి విల్ గెట్ మ్యారీడ్ నెక్స్ట్ ఇయర్" అని రాశాడు. నేను వ్యాకరణం సరిగ్గా ఉందని టిక్కు పెట్టి, చదివి వినిపించాను కూడా. ఆ పాప మూడు రోజులు బడికి రాలేదు. ఇంట్లో నిజంగానే సంబంధాలు చూస్తున్నారట. హెడ్‌మాస్టర్, నేను వాళ్లింటికి వెళ్లి, పద్దెనిమిది నిండకుండా చేస్తే చట్టం ఒప్పుకోదని తల్లిదండ్రులకి చెప్పి, పాపని మళ్లీ బడికి తెచ్చుకున్నాం. అవసరమైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయొచ్చని ప్రతి టీచర్‌కీ తెలిసి ఉండాలి.

అప్పటినుంచీ నా రూల్ ఒకటే. ఎవరి భవిష్యత్తు వాళ్లే చెప్పుకోవాలి, పక్కవాళ్లది కాదు. లేకపోతే వాన, మ్యాచ్, ఊరు, పంట ధర, ఇవి చాలు. ఉగాది పంచాంగ శ్రవణం అందరికీ తెలుసు కాబట్టి "మా ఊరి పంచాంగం" అని రాయిస్తాను. "అవర్ ట్యాంక్ విల్ ఫిల్ ఇన్ ఆగస్ట్", "మ్యాంగోస్ మే బి కాస్ట్లీ దిస్ ఇయర్" అని రాస్తారు. ఎవరికీ నొప్పి ఉండదు.

జవాబు (అమెరికాలో తెలుగు బడి నడిపే అమ్మ)

మా దగ్గర ఇదే సమస్య తిరగబడి ఉంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలు "వస్తాడు అంటే కమ్స్ ఆ, విల్ కమ్ ఆ?" అని అడుగుతారు. రెండూనే అంటే నమ్మరు. పైన చెప్పిన రోజూ, రేపు గీత మేమూ వాడుకుంటాం. థాంక్స్ అండీ.

మళ్లీ రాస్తున్నాను (ప్రశ్న అడిగిన టీచర్)

అందరికీ నిజంగా థాంక్స్. "పడబోతోంది" విడగొట్టిన రోజు ఆ పాపనే బోర్డు దగ్గరికి పిలిచాను. "పోతోంది" కింద తనే గీత గీసింది. "అయితే మనం కూడా వానని పంపిస్తున్నాం కదా టీచర్" అంది. ఈసారి నవ్వింది తనే.

శుక్రవారం అందరూ శని, ఆదివారాల వాన గురించి ఒక్కో వాక్యం రాసి, మడిచి నాకిచ్చారు. సోమవారం విప్పి చదివాం. ఆదివారం సాయంత్రం ఒక జల్లు పడింది. "విల్ డెఫినెట్లీ" అని రాసినవాళ్లు ఎగిరి గంతేశారు. "మైట్" రాసినవాళ్లు "మాది కూడా రైటే" అని వాదించారు. "వోంట్" రాసిన ఎనిమిది మందీ కొంచెంసేపు మూగబోయారు. రెండు రోజులు గడిచాక ఒక పిల్లవాడు నోటుబుక్కు తెచ్చి చూపించాడు: "ఐ డోంట్ థింక్ ఇట్ విల్ రెయిన్ టుడే. బట్ ఐ యామ్ నాట్ షూర్." రెండో వాక్యం నేను నేర్పలేదు.

ఒక ఇబ్బంది మిగిలింది. ఇప్పుడు అన్నిటికీ విల్ పెడుతున్నారు. "మై ఫాదర్ విల్ గో టు ది ఫీల్డ్ డైలీ" అని రాస్తున్నారు. ఏం చేయను?

జవాబు (రిటైరైన ఇంగ్లీషు టీచర్)

కొత్తగా నేర్చుకున్నది అన్ని చోట్లా వాడి చూడటం పిల్లల సహజం మేడమ్, టెన్షన్ వద్దు. దీనికి మూలం కూడా ఆ "వెళ్తాడు" మాటే. మొదటి రోజు గీసిన గీత మళ్లీ గీయండి. ఈసారి వాక్యాలు మీరు చెప్పకండి, వాళ్ల నోటుబుక్కుల్లోవే ఏరి, ఏ పక్కకి వెళ్లాలో వాళ్లనే తేల్చమనండి. "డైలీ" అన్న మాట మీద ఒకసారి వేలు పెట్టిస్తే చాలు, "విల్" తీసేసి "గోజ్" వాళ్లే రాసుకుంటారు.

పరీక్ష పేపర్ మీరే తయారు చేస్తుంటే, ఖాళీలో విల్, గోయింగ్ టు రెండూ ఇమిడే వాక్యం ఇవ్వకండి. ముందు "లుక్ ఎట్ దోజ్ క్లౌడ్స్" లాంటి వాక్యం ఒకటి ఉండాలి. అది లేనప్పుడు పిల్లలు ఏది రాసినా మార్కు ఇచ్చేయండి.