చదరంగం పద్యంలో ‘రంధ్ర’ అంటే సున్నానా, తొమ్మిదా?

నమస్కారమండీ. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, తర్వాత నాలుగు... అలా 64 గడులూ నింపితే మొత్తం ఎన్ని గింజలో చెప్పే చంపకమాల ఉంది కదా, పావులూరి మల్లనదని చెబుతారే, అది మా అమ్మాయికి నేర్పిద్దామని కూర్చున్నాను.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకెకి గుర్తు కదా. రంధ్రం అంటే బొక్కే కదా అని సున్నా వేశాను. కంప్యూటర్‌లో చూస్తే అక్కడ 9 ఉంది. అంకెలు కూడి తొమ్మిదులు తీసేసి చూసుకున్నాను కూడా, శేషం సరిపోయింది! తప్పు నాదా, పద్యానిదా?

*

పద్యానిది కాదు లెండి. నవరంధ్రాల శరీరం అంటాం కదా, ఆ లెక్కన రంధ్రం 9. మీ సున్నా దాని పక్కనే ఉంది: వియత్తు, అంటే ఆకాశం. వియత్, నగ, అగ్ని కలిసి వియన్నగాగ్ని అయింది: 0, 7, 3. కుడి నుంచి ఎడమకి పేర్చుకుంటూ పోతే 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది. అరవై నాలుగు రెండ్లు గుణించి ఒకటి తీసేస్తే ఇదే.

‘శర’తో ఎత్తుకున్నాడంటే చివరి అంకె 5, కాబట్టి 5తో నిశ్శేషంగా పోతుంది. అంకెల మొత్తం 87, కాబట్టి 3తోనూ పోతుంది. పూర్తిగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఇందులో 641 గడుసుది. 4294967297 ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించి చూపించాడు.

ఇక మీ పరీక్ష. తొమ్మిదులు తీసేసే పద్ధతికి 9కీ 0కీ తేడా తెలియదు. 87కి శేషం 6, మీ 78కీ 6. పదకొండుతో చూడండి. పద్యం వరసలోనే ఒక అంకె కలుపుతూ, తర్వాతది తీసేస్తూ పోతే 37 వస్తుంది, శేషం 4. రెండ్ల లెక్కలో చూసినా 4. మీ సున్నాతో 28 వస్తుంది, శేషం 6. దొరికిపోయింది!

*

మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. 5కి శర అని వెంటనే సాయక ఎందుకు? రెండూ బాణాలేగా?

*

యతి కోసమండీ. పాదం ‘శ’తో మొదలైంది, పదకొండో అక్షరం ‘సా’ పడింది. రెండో పాదం మొదలు ‘ధ’. అక్కడ 6కి షట్కం, రసం, ఋతువు ఏవీ కుదరవు, ‘తర్క’ కుదిరింది. భూధర, కుంజర పాదం చివర విరిగింది ప్రాస ‘ర’ కోసం. అంకెలూ మార్చడానికి లేదు, వాటి వరసా మార్చడానికి లేదు. ఆయన చేతిలో ఉన్నవి పర్యాయపదాలు మాత్రమే! నాకైతే లెక్క కంటే ఈ పనితనమే ముచ్చటగా ఉంటుంది.

*

9 దిద్దుకున్నానండీ. అమ్మాయికి చంద్రుడు ఒకటి, పద్మజుడి ముఖాలు నాలుగు అని చెప్పేశాను. ఇప్పుడు “బాణాలు అయిదే ఎందుకు?” అంటోంది. ఎనిమిదేళ్ళ పిల్లకి మన్మథుడి సంగతి ఎక్కడ మొదలుపెట్టమంటారు?