షుగర్ మీటర్‌లో 48, పిల్లి మామూలుగానే ఉంది: గ్లూకోజ్ పట్టాలా, తిండి పెడితే చాలా?

బూడిదపిల్లి:
ఇన్సులిన్ మీదున్న పిల్లికి మీటర్‌లో 50 లోపు వస్తే చాలు, వెంటనే గ్లూకోజ్ నీళ్లు పట్టేయమంటున్నారు. నేను ఒప్పుకోను. ఇళ్లల్లో ఎక్కువగా వాడేది మనుషుల మీటర్. పిల్లి రక్తానికి అది చాలాసార్లు అసలు కంటే తక్కువ చూపిస్తుంది. పిల్లి తూలకుండా నడుస్తూ, పిలిస్తే చూస్తూ, గిన్నె పెట్టగానే తింటోందంటే తిండి పెట్టి 15 నిమిషాలకు మళ్లీ చూస్తే సరిపోతుంది. గ్లూకోజ్ పడితే అంకె ఒక్కసారిగా ఎగిరి, డోసు సరిపోతోందో లేదో ఆ రోజంతా తెలియదు.

చుక్కరక్తం:
మీటర్ తక్కువ చూపిస్తుందన్నది నిజమే గానీ, ఎంత తక్కువన్నది ప్రతిసారీ ఒకేలా ఉండదండీ. ఆ తేడాను నమ్ముకుని ఊరుకోలేం. సూది వేసి ఎన్ని గంటలైందో కూడా చూడాలి కదా. 12 గంటలకోసారి గ్లార్జిన్ (చాలా గంటలు పనిచేసే ఇన్సులిన్) వేసే పిల్లికి పదో గంటలో 48 వస్తే మందు పట్టు సడలుతున్నట్టే అనుకోవచ్చు. మూడో గంటలో వస్తే షుగర్ ఇంకా పడిపోవచ్చు. పైగా మాంసం ఎక్కువున్న వెట్ ఫుడ్‌లో పిండిపదార్థం చాలా తక్కువ, దాంతో షుగర్ త్వరగా పెరగదు. తూలడం, కనుపాపలు పెద్దవవడం, ఒళ్లు అదరడం కనబడేదాకా ఆగితే ఆ తర్వాత ఫిట్సే.

మందులషాపు:
గ్లూకోజ్ ఎలా ఇవ్వాలన్నది కూడా తేల్చుకోండి. పిల్లి నాలుకకు తీపి తెలియదు, గిన్నెలో పోస్తే నాకదు. చాలామంది చిగుళ్లకు తేనె రాస్తారు. తేనెలో మూడో వంతుకు పైగా ఫ్రక్టోజే, పిల్లి ఒంటికి అది సరిగా పనికిరాదు. ఇంట్లో ఇంకేమీ లేకపోతే తేనే రాయండి, ఆలస్యం చేయడం కంటే నయం. ఉంటే మాత్రం ఏ ఫ్లేవరూ లేని గ్లూకోజ్ పొడి. 4 కిలోల పిల్లికి ఒక టీస్పూన్ పొడిని రెండు టీస్పూన్ల గోరువెచ్చని నీళ్లలో కలిపి, సూది తీసేసిన సిరంజితో బుగ్గ పక్కనుంచి అర మిల్లీలీటరు చొప్పున, మింగిందని చూసుకుంటూ. షుగర్ ఫ్రీ సిరప్‌లు అసలు వద్దు.

ఫిట్స్ వస్తున్నా, స్పృహ లేకున్నా నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిక్కగా కలిపిన గ్లూకోజ్‌ను పెదవి ఎత్తి చిగుళ్ల బయటివైపు రాయండి. పళ్ల మధ్యకు వేలు పోనివ్వొద్దు. చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరేది కొంచెమే, కాబట్టి రాసి కూర్చోకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. అక్కడ డెక్స్‌ట్రోజ్‌ను (అదీ గ్లూకోజే) పలచన చేసి నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు.

బూడిదపిల్లి:
గంటల లెక్క ఒప్పుకుంటున్నాను. సూది వేసిన మొదటి ఆరు గంటల్లో 48 వస్తే కొంచెం గ్లూకోజ్, వెంటనే తిండి. పదో గంటలో, పిల్లి చలాకీగా ఉంటే, ఇప్పటికీ తిండే అంటాను.

ఎర్రమూత:
అసలు అంత కిందికి ఎందుకు పడిందో ఎవరూ అడగలేదు. మన దగ్గర మామూలు ఇన్సులిన్ వయల్ (మందు సీసా) ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దానికి ఎర్రమూత సిరంజి. గ్లార్జిన్ 100 యూనిట్లది, దానికి నారింజ రంగు మూత. ఎర్రమూత సిరంజితో గ్లార్జిన్‌ను ఒక యూనిట్ గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు! ముందు సిరంజి మీద రాసిన అంకె, వయల్ మీది అంకె పక్కపక్కన పెట్టి చూడండి. ఇంట్లో ఇద్దరు సూది వేసేవాళ్లుంటే, వేసిన టైము ఫ్రిజ్ తలుపు మీద రాయండి. లేదంటే రెండుసార్లు పడుతుంది.

చుక్కరక్తం:
సిరంజి సరైనదే అయినా చిన్న డోసుకే మళ్లీ మళ్లీ షుగర్ పడిపోతుంటే, పిల్లికి ఇన్సులిన్ అవసరం తగ్గిపోతుండొచ్చు. పిల్లుల్లో కొన్నిటికి అసలు అవసరమే లేకుండా పోతుంది కూడా. కాబట్టి షుగర్ పడిపోయిన రోజు తర్వాతి సూది వేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి, పాత డోసే మళ్లీ మొదలుపెట్టొద్దు. అంకె పైకొచ్చాక కూడా గంటకోసారైనా పరీక్ష చేస్తూ ఉండాలి, గ్లార్జిన్ ఇంకా లోపలే ఉంటుంది. 50 లోపు విషయంలో నా మాట మారలేదు: ఏ గంటైనా గ్లూకోజే ముందు.